పైనాపిల్ వాసన నుంచి పెట్రోల్ వాసన దాకా

పోయిన ఎండకాలం సెలవులకు మంథని పోయినప్పుడు మా బాపు బండికి ఉన్న ఒక డబ్బా తీసేయించిన. అది అసలు ఎందుకు పుట్టిందో తెలుసుకుంటూ పోతే ఒక మనిషి దొరికిండు. ఆయన పేరు ఆరీ యాన్ హాగెన్-స్మిట్. ఈ వ్యాసం ఆయన గురించే. కానీ ముందు డబ్బా సంగతి చెప్పాలి.

బండి బీఎస్-6ది. పెట్రోల్ బంక్‌ల నేను ఎప్పుడూ మూతి దాకా కొట్టించేటోణ్ణి. ఆ తర్వాత బండి లేటుగా స్టార్ట్ అయ్యేది, ఆగి ఆగి పోయేది. మెకానిక్ దగ్గరికి తీసుకపోతే ఇంజిన్ దగ్గరున్న ఒక నల్ల డబ్బా చూపించి, లొల్లంతా దీనితోనే, తీసేస్తే మైలేజ్ కూడా పెరుగుతదన్నడు. పది నిమిషాల పని. డబ్బా తీసిండు, ఇంజిన్ వైపు పైపుకు బిరడా కొట్టిండు, ట్యాంక్ నుంచి వచ్చే పైపును కిందికి గాలికి వదిలేసిండు. అది కూడా మూసేస్తే ట్యాంక్‌ల వాక్యూమ్ అయ్యి పెట్రోల్ సరిగ్గ రాదట. లాజిక్ బాగానే ఉందనుకున్న.

ఆ రాత్రి నుంచి ఇంట్ల పెట్రోల్ వాసన. మేం బండి పెట్టేది దర్వాజ లోపలనే. పక్కనే నాయనమ్మ మంచం. ఆమెకు ఆయాసం ఉంది. మూడో రోజు ఆమె మంచం లోపలి అర్రలకు వేయించుకున్నది. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవుడే నాకు ఎక్కువ గుచ్చుకుంది. అప్పుడు కూర్చొని వెతకడం మొదలుపెట్టిన.

హాగెన్-స్మిట్ 1900 డిసెంబర్ 22న నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న అక్కడి టంకశాలలో కెమిస్ట్. కొడుకూ కెమిస్ట్రీనే పట్టుకున్నాడు. ఉట్రెక్ట్ యూనివర్సిటీలో 1929లో డాక్టరేట్ తీసుకొని, 1936లో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో కొన్నాళ్ళు పనిచేశాడు. తర్వాతి ఏడాది కాల్‌టెక్ పిలిచింది. అక్కడ ఆయన పని మొక్కల మీద. మొక్క ఎలా పెరుగుతుంది, ఆకుకు ఆ వాసన ఎక్కడిది, పండుకు ఆ రుచి ఏ పదార్థం వల్ల వస్తుంది, ఇవీ ఆయన ప్రశ్నలు. టన్నుల కొద్దీ పైనాపిల్ తెచ్చి, వాటి నుంచి లేచే ఆవిరిని బాగా చల్లబరిచి, చుక్కలుగా పట్టి, ఆ వాసనలో ఏమేం ఉన్నాయో ఒక్కోటి విడదీశాడు. పొగతో, బండ్లతో ఆయనకు ఏ సంబంధమూ లేదు.

కానీ ఆయన ఉన్న ఊరు లాస్ ఏంజెలెస్ పక్కన పసడేనా. 1943 వేసవిలో లాస్ ఏంజెలెస్‌ను ఒక గోధుమరంగు మబ్బు కమ్మింది. కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధకాలం కాబట్టి జపాన్ వాళ్ళు గ్యాస్ వదిలారేమోనని కొందరు భయపడ్డారు. ఆ తర్వాత అలాంటి రోజులు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఫ్యాక్టరీల పొగ అన్నారు, పెరట్లో చెత్త కాల్చడం అన్నారు, లండన్‌లో లాగా గంధకం అన్నారు. ఇంకో వింత కూడా ఉంది. ఆ ఊర్లో రబ్బరు టైర్లు మిగతా చోట్ల కంటే తొందరగా పగిలేవి, పొలాల్లో ఆకుకూరల ఆకులు మాడిపోయేవి.

పీహెచ్ మీటర్ చేసిన ఆర్నాల్డ్ బెక్‌మన్ అప్పుడు ఆ కౌంటీ గాలి కాలుష్య విభాగానికి సలహాదారు. పైనాపిల్ వాసనను పట్టగలిగినవాడు ఈ గాలిని కూడా పట్టగలడని ఆయనకు అనిపించింది. హాగెన్-స్మిట్ ఒప్పుకొని, అదే పద్ధతిలో దాదాపు 30 వేల ఘనపుటడుగుల గాలిని చల్లబరిచాడు. చివరికి మిగిలింది కొన్ని చుక్కల గోధుమరంగు ద్రవం, చెడ్డ వాసన. పరీక్షిస్తే అందులో ఆల్డిహైడ్లు, ఆర్గానిక్ ఆమ్లాలు, పెరాక్సైడ్లు ఉన్నాయి. అంటే పెట్రోలియం ఆవిర్లు గాలిలో ఆక్సీకరణం చెందుతున్నాయన్నమాట. పొగ చిమ్నీల నుంచి తయారై రావడం లేదు, ఊరి మీద గాలిలోనే తయారవుతోంది.

ఆయన అక్కడితో ఆపి మొక్కల దగ్గరికి వెళ్ళిపోయేవాడేమో. కానీ చమురు పరిశ్రమ డబ్బుతో ఇదే విషయం పరిశోధిస్తున్న స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒకాయన కాల్‌టెక్‌కే వచ్చి ఉపన్యాసం ఇచ్చి, ఈయన ఫలితాలు తప్పన్నాడు. హాగెన్-స్మిట్‌కు బాగా కోపం వచ్చింది. వాదించడానికి బదులు ల్యాబ్‌కు వెళ్ళాడు. పెట్రోల్ ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు, వెలుతురు, ఈ మూడు కలిపి చూశాడు. ఓజోన్ పుట్టింది. అందులో పెట్టిన ఆకులు పొలాల్లో మాడినట్టే మాడాయి. వంచి పెట్టిన రబ్బరు పగిలింది. కళ్ళు మండాయి. 1952కల్లా ఇదంతా పేపర్‌గా అచ్చయింది.

నాకు ఇక్కడ ఆశ్చర్యం అనిపించింది ఏంటంటే, ఆయన పట్టుకున్నది సైలెన్సర్ పొగను మాత్రమే కాదు. కాలకుండా ఆవిరైపోయే పెట్రోల్‌ను కూడా. రిఫైనరీల పెద్ద ట్యాంకుల నుంచి ఎంత ఆవిరి పోతోందో లెక్క కట్టారు. తర్వాత ఆ ట్యాంకులకు పెట్రోల్ మీదే తేలే కప్పులు వచ్చాయి. 1960ల మొదట్లో కాలిఫోర్నియా కొత్త కార్లలో, క్రాంక్‌కేస్ ఆవిర్లను బయటికి వదలకుండా తిరిగి ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటు వచ్చింది. 1970 మోడళ్ళ నుంచి ట్యాంక్ ఆవిరిని పట్టే పద్ధతి కూడా తప్పనిసరి అయింది. మా బాపు బండి డబ్బాకు ఇవే ముత్తాతలు.

ఆ డబ్బా పేరు చార్‌కోల్ కానిస్టర్. మా దిక్కు బొగ్గంటే సింగరేణి గుర్తొస్తది, ఇది వేరే రకం, యాక్టివేటెడ్ కార్బన్. బండి ఎండల నిలబడితే ట్యాంక్‌ల లేచే ఆవిరి పైపు ద్వారా దీంట్లకు పోయి బొగ్గు గింజలకు అంటుకుంటది. బండి నడిచేటప్పుడు ఇంజిన్ ఆ ఆవిరిని పీల్చుకొని కాల్చేస్తది. అంటే ఆవిరి కూడా మనం కొన్న పెట్రోలే, దాన్ని వాడుకునే ఏర్పాటు ఇది. డబ్బా తీస్తే మైలేజ్ పెరగడానికి కారణమే లేదు. మరి నా బండికి వచ్చిన రోగం ఏంది? మూతి దాకా కొట్టిస్తే ఆవిరి బదులు పెట్రోలే ఆ పైపుల పడి బొగ్గు తడిసిపోతది. తప్పు డబ్బాది కాదు, నాది.

1968లో హాగెన్-స్మిట్ కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకు మొదటి చైర్మన్ అయ్యాడు. అప్పటి గవర్నర్ రొనాల్డ్ రీగన్. 1973లో అదే రీగన్ ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించాడు. ఆ కాలంలోనే అమెరికా ప్రభుత్వం ఆయనకు నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ ఇచ్చింది. 1977 మార్చి 17న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పసడేనాలో చనిపోయాడు. గాలి గురించి అన్నేళ్ళు కొట్లాడిన మనిషి చివరికి ఊపిరితిత్తుల జబ్బుతోనే పోవడం చదివి కొంచెంసేపు ఫోన్ పక్కన పెట్టేసిన.

ఈ కథకు మంథనితో ఒక చుట్టరికం కూడా దొరికింది. 1957 నుంచి 1977 దాకా మా మంథని ఎమ్మెల్యే పి.వి. నరసింహారావు గారు. ఆయన ప్రధానమంత్రిగా ఉన్నప్పుడే, 1995 ఏప్రిల్ నుంచి, నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్, దానితోపాటు సీసం లేని పెట్రోల్ వచ్చాయి. ఆ దారిలోనే నడిచి 2017ల బీఎస్-4, 2020 ఏప్రిల్‌ల బీఎస్-6 మన టూవీలర్ల దాకా వచ్చినయి. ఇవాళ కంపెనీ ఇచ్చినదాన్ని మార్చి ఇట్ల డబ్బా తీసేయడం మోటారు వాహనాల చట్టం ప్రకారం కూడా తప్పే.

ఒక్క బండి ఆవిరితో ఏమైతది అని నాకు కూడా అనిపించింది. కానీ హాగెన్-స్మిట్ వంటకంల పడే సరుకులు చూడండి. ఎండ, మా రామగుండం దిక్కు దానికి కొదువ లేదు. నైట్రోజన్ ఆక్సైడ్లు, బొగ్గు కాలినా ఇంజిన్ నడిచినా వస్తయి. మిగిలింది పెట్రోల్ ఆవిరి. అది నేను సొంతంగా తెచ్చి నాయనమ్మ మంచం పక్కన పెట్టిన. పైగా మూసిన ఇంట్ల పెట్రోల్ ఆవిరి అంటే నిప్పు భయం కూడా.

డబ్బా పారేయలేదు, పాత సంచిల ఉండె. మళ్ళీ అదే మెకానిక్ దగ్గరికి తీసుకపోయిన. ఆయన నవ్విండు కానీ ఆరబెట్టి, పైపులన్నీ చూసి బిగించిండు. ఇప్పుడు బంక్‌ల గన్ టక్కుమని ఆగంగానే చాలు అంటున్న. బండి మంచిగనే స్టార్ట్ అయితుంది. రెండు రోజులకు వాసన పోయింది, నాయనమ్మ మంచం మళ్ళీ దర్వాజ దగ్గరికి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మన కాలేజ్ పార్కింగ్‌ల కూడా ఈ డబ్బా లేని బండ్లు కొన్ని ఉన్నయని నాకు తెలుసు. మీ బండి పక్కకు ఒకసారి వంగి చూడండి. ట్యాంక్ పైపు ఒకటి ఎటూ కాకుండా వేలాడుతుంటే, తీసిన డబ్బా ఇంట్ల ఎక్కడ పడేసిన్రో వెతకండి.