చదువు ముగిసిన తరువాతి చదువు

విశ్వవిద్యాలయ పట్టము పొందినవాడు పండితుడు కావచ్చును. ప్రజల కష్టసుఖములలో పాలు పంచుకొనెడి బోధకుడు కావలెనన్న అతనికి మరియొక శిక్షణ అవసరము. జర్మనీలోని ప్రొటెస్టెంటు సంఘములు ఈ సంగతి ఎరిగి, వేదాంత విద్య ముగించిన యువకులను అభిషేకమునకు ముందు కొంతకాలము ప్రత్యేక శిక్షణాలయములలో ఉంచెడివి. అట్టి చిన్న శిక్షణాలయము నొకదానిని నడిపి చరిత్రకెక్కినవాడు డీట్రిష్ బోన్‌హోఫర్.

ఆయన 1906 ఫిబ్రవరి 4న బ్రెస్లౌ నగరములో జన్మించినాడు. తండ్రి కార్ల్ మానసిక వైద్యశాస్త్రములో పేరెన్నికగన్న ఆచార్యుడు. 1912లో కుటుంబము బెర్లిన్ చేరినది. ఆ ఇంట విజ్ఞానశాస్త్రములకున్న గౌరవము చర్చికి లేకున్నను, ఈ కుమారుడు వేదాంతమునే ఎన్నుకొని 21వ యేట డాక్టరు పట్టము పొందినాడు.

1930లో న్యూయార్కులోని యూనియన్ వేదాంత కళాశాలకు వెళ్ళి ఒక విద్యా సంవత్సరము గడపినాడు. అక్కడి వేదాంత బోధ ఆయనకు పలుచగా తోచినది. అయితే ఫ్రాంక్ ఫిషర్ అను నల్లజాతి సహాధ్యాయి ఆయనను హార్లెములోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చికి పరిచయము చేసినాడు. అక్కడ ఆదివారపు పాఠశాలలో బోధించుచు, వర్ణవివక్ష క్రింద నలిగెడి జనుల విశ్వాసమును, గానమును దగ్గరగా చూచినాడు. వారి పాటల గ్రామఫోను రికార్డులను స్వదేశమునకు తెచ్చుకొన్నాడు.

1933 జనవరిలో హిట్లరు అధికారమునకు వచ్చినాడు. యూదుల వంశమున పుట్టిన బోధకులను తొలగింపవలెనను నిబంధన చర్చిలో ప్రవేశించినది. ఎందరో ఆచార్యులు, మతాధికారులు తలయొగ్గినారు. ఎదిరించినవారు 1934లో విశ్వాస ప్రకటన సంఘముగా ఏర్పడి, తమ బోధకులను తామే తయారు చేసుకొన నిశ్చయించినారు. అప్పుడు లండనులో ఉన్న బోన్‌హోఫర్, అహింసా మార్గమును ఎరుగుటకై భారతదేశము రాదలచి గాంధీజీకి లేఖ వ్రాసినాడు. గాంధీజీ ఆహ్వానము పంపినారు. కాని ఇంతలో స్వదేశపు పిలుపు వచ్చుటచే ఆ ప్రయాణము ఆగిపోయినది.

1935 ఏప్రిలులో బాల్టిక్ తీరమున జింగ్‌స్ట్ గ్రామములో 20 మందికి పైగా యువకులతో శిక్షణాలయము ఆరంభమైనది. జూన్‌లో స్టెట్టిన్ సమీపమున ఉన్న ఫింకెన్‌వాల్డేకు మారినది. ఉదయము కీర్తనల పఠనము, పిమ్మట అరగంట మౌనధ్యానము, తరువాత పాఠములు, సాయంకాలము ఆటపాటలు. హార్లెము పాటలను జర్మను యువకులు విన్నది ఇక్కడనే. తోటివాని గూర్చి అతడు లేనప్పుడు మాటాడరాదు, మాటాడినచో ఆ సంగతి అతనికే చెప్పవలెననునది అక్కడి నియమము. ఒకనాడు వంటయింటి నుండి సహాయము కోరుచు కబురు వచ్చినది. ఎవరును కదలలేదు. బోన్‌హోఫర్ మారుమాటాడక లేచిపోయి, లోపల గడియ వేసికొని తానే పని ముగించి వచ్చినాడు. దానిని గూర్చి ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ధ్యానము చేయలేక విసిగినవారు శిష్యులలోనే ఉన్నారు. సుప్రసిద్ధ వేదాంతి కార్ల్ బార్త్‌కు ఇందులో మఠవాసన తోచినది. పోరాటకాలమున ఈ మౌనమేల యని పలువురి ప్రశ్న. అంతరంగము దృఢపడనివాడు పోరాటములో నిలువజాలడని బోన్‌హోఫర్ నమ్మకము.

పరీక్షకాలము త్వరలోనే వచ్చినది. 1937 ఆగస్టులో హిమ్లరు ఇట్టి శిక్షణను నిషేధించినాడు. సెప్టెంబరులో గెస్టపో పోలీసులు భవనమునకు ముద్ర వేసినారు. ఆ యేటి చివరకు 27 మంది శిష్యులు చెరసాల పాలైనారు. ఆయన మారుమూల గ్రామములలో శిక్షణను గుప్తముగా 1940 మార్చి వరకు సాగించినాడు. ఆ సంఘపు యువబోధకులలో కొందరు ఉద్యోగభద్రతకై అధికార చర్చిని ఆశ్రయించినారు. శిక్షణ పొందినంత మాత్రమున అందరును ధీరులు కారు.

1939 జూన్‌లో న్యూయార్కులో సురక్షితాశ్రయము దొరకినను, దేశప్రజల కష్టములో భాగము పొందనివానికి వారి పునర్నిర్మాణములో హక్కు ఉండదని తలచి, కొలది వారములకే మరలి వచ్చినాడు. హిట్లరును కూలద్రోయుటకు జరిగిన రహస్య యత్నములో చేరినాడు. 1943 ఏప్రిల్ 5న బంధింపబడి, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరములో ఉరితీయబడినాడు. అప్పటికి వయస్సు 39. ఒక నెలలో ఐరోపాలో యుద్ధము ముగిసినది.

శిక్షణాలయము నిలువలేదు, శిష్యులలో అనేకులు యుద్ధములో మడిసినారు. మొదటి జట్టులోని ఎబర్‌హార్డ్ బేట్గె, గురువు చెరసాల నుండి తనకు వ్రాసిన లేఖలను కాపాడి 1951లో ప్రకటించినాడు. రెండున్నర సంవత్సరములు మాత్రమే సాగిన ఫింకెన్‌వాల్డే పాఠము నేటికిని లోకమునకు అందుచున్నదన్నచో, అందుకు ఆ శిష్యుని శ్రద్ధయే ముఖ్య కారణము.