తలుపుకి నాలుగు కన్నాలు పెట్టిన నర్సమ్మ

బెంజ్ సర్కిల్ నుంచి పటమట వైపు వెళ్లండి, మొగల్రాజపురం వైపు వెళ్లండి, కొత్త అపార్ట్‌మెంట్లలో చాలా గుమ్మాల పక్కన ఇప్పుడు ఒక చిన్న నల్ల డబ్బా కనిపిస్తుంది. మధ్యలో కెమెరా, కింద బెల్లు బటన్, ఆ పక్కన మాట వినిపించే చిల్లులు. బెల్లు కొడితే లోపల తెర మీద మన మొహం వస్తుంది. వీడియో డోర్ ఫోన్ అంటాం. ఇది ఏ జపాన్ కంపెనీయో కనిపెట్టి ఉంటుందని మనలో చాలామంది అనుకుంటాం. కానీ ఈ ఆలోచనకి ఇంటి కోసం మొదట పేటెంట్ తీసుకున్నది ఏ కంపెనీ కాదు, న్యూయార్క్‌లో ఒక నర్సు. పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్.

ఆవిడ 1922 అక్టోబర్ 22న న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, జమైకా అనే పేటలో పుట్టింది. జమైకా దేశం కాదండీ, మన సీనియర్లు చాలామంది దిగే జాన్ ఎఫ్ కెనడీ ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లో ఉన్న పేట. నల్లజాతి కుటుంబం. చదువుకుని నర్సు అయింది. ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ ఆల్బర్ట్ బ్రౌన్‌ని పెళ్లి చేసుకుంది. ఇద్దరు పిల్లలు. జీవితమంతా ఆ క్వీన్స్‌లోనే గడిచింది.

నర్సు డ్యూటీకి రాత్రీ పగలూ తేడా లేదు. ఆల్బర్ట్ పనివేళలు కూడా అలాంటివే. ఒకరు ఇంటికొచ్చేసరికి ఇంకొకరు బయట ఉండేవారు. 1960ల్లో న్యూయార్క్‌లో నేరాలు పెరుగుతూ వచ్చాయి. వాళ్ల పేటలో పోలీసులకి ఫోన్ చేస్తే రావడానికి చాలా టైమ్ పట్టేది. దేశమంతటికీ ఒకే నంబర్ ఉండాలని మొదలైన 911 కూడా తొలిసారి మోగింది 1968లో. అంతకుముందు ఆపదలో ఉన్నవాళ్లు ఆపరేటర్‌ని పట్టుకోవాలి, లేదా పోలీసుల ఫోన్ నంబర్ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఆవిడ ఇబ్బందిని ఇంజినీరింగ్ ప్రాబ్లమ్ లాగా చూడండి. అర్ధరాత్రి ఎవరో తలుపు కొడుతున్నారు. ఎవరో తెలియాలంటే తలుపు దాకా వెళ్లి, కన్నంలోంచి చూడాలి. వెళ్తే అడుగుల చప్పుడు వినిపిస్తుంది, లైటు వేస్తే వెలుగు కనిపిస్తుంది. లోపల ఉన్నది ఒంటరి ఆడమనిషి అని బయటివాడికి తెలిసిపోతుంది. పైగా వాడికీ తనకీ మధ్య ఉన్నది అంగుళమో రెండంగుళాలో చెక్క. అంటే చూడటం అనే పని కోసమే ప్రమాదానికి దగ్గరగా వెళ్లాలి. ఎంత గట్టి గడియ పెట్టినా ఈ చిక్కు తీరదు. తీరాలంటే చూసే కన్ను తలుపు దగ్గర ఉండాలి, మనిషి మాత్రం మంచం దగ్గరే ఉండాలి.

కెమెరాని దూరంగా తెరకి కలపడం అప్పటికే ఉన్నదే. 1942లో జర్మనీలో రాకెట్ ప్రయోగాల్ని దూరం నుంచి చూడటానికి అలాంటి ఏర్పాటు వాడారు. తర్వాత సైన్యం, బ్యాంకులు, ఫ్యాక్టరీలు వాడుకున్నాయి. దాన్ని ఒక మామూలు ఇంటి వీధి తలుపుకి తేవాలని అనుకోవడంలోనే మేరీ గొప్పతనం ఉంది. ఏం కావాలో ఆవిడకి తెలుసు, వైర్లూ సర్క్యూట్లూ ఆయనకి తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చున్నారు.

వాళ్ల డిజైన్ చూస్తే సరదాగా ఉంటుంది. తలుపుకి ఒకదాని కింద ఒకటి నాలుగు కన్నాలు. లోపలివైపు ఒక పెట్టెలో టీవీ కెమెరా. అది మోటార్‌తో పైకీ కిందకీ కదులుతూ ఏ కన్నం దగ్గర కావాలంటే అక్కడ ఆగుతుంది. పై కన్నంలోంచి పొడుగు మనిషి మొహం, కింది కన్నంలోంచి చిన్న పిల్లాడి మొహం. ఆ బొమ్మ పడకగదిలో ఉన్న టీవీ తెర మీదకి వస్తుంది. తలుపుకి లోపలా బయటా మైకు, స్పీకర్ ఉంటాయి కాబట్టి మంచం దగ్గర నుంచే ఎవరు, ఏం కావాలి అని అడగొచ్చు. తెలిసినవాళ్లైతే ఒక బటన్ నొక్కి తాళం తీయొచ్చు. అనుమానం వస్తే ఇంకో బటన్ నొక్కి సెక్యూరిటీ వాళ్లకో పోలీసులకో అలారం పంపొచ్చు.

నాలుగు కన్నాలు ఎందుకు, ఒక వైడ్ యాంగిల్ లెన్స్ పెడితే పోయేది కదా అని మనకి అనిపిస్తుంది. కానీ అప్పటి కెమెరా అంటే లోపల గాజు ట్యూబ్ ఉండే బరువైన పెట్టె. వేలి గోరంత సెన్సార్ ఇంకా పుట్టలేదు. ఉన్న సామానుతోనే పని జరగాలి కాబట్టి కెమెరానే లిఫ్ట్ ఎక్కించి దించారు.

1966 ఆగస్టు 1న దరఖాస్తు పెట్టారు. 1969 డిసెంబర్ 2న 3,482,037 నంబర్ మీద పేటెంట్ వచ్చింది. అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ముందున్నది మేరీ పేరు. అమెరికాలో జాతి వివక్షని నిషేధిస్తూ పౌరహక్కుల చట్టం వచ్చింది 1964లో. ఆ తర్వాత రెండేళ్లకే ఒక నల్లజాతి నర్సు పేటెంట్ ఆఫీసుకి దరఖాస్తు చేసి, మూడేళ్లు ఆగి, పని సాధించుకుంది. నాలుగు రోజులకి న్యూయార్క్ టైమ్స్ ఆ సంగతి రాసింది.

ఇక్కడితో డబ్బుల వాన కురిసిందని రాస్తే బాగుండేది. కురవలేదు. కెమెరా, టీవీ, మోటార్, తాళం అన్నీ కలిపితే మామూలు ఇంటికి అందే ఖర్చు కాదు. విచిత్రం ఏమిటంటే, దాన్ని చవగ్గా చేయగల దారి కూడా అదే 1969లో, పక్క రాష్ట్రం న్యూజెర్సీలో మొదలైంది. బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే చిప్ ఆలోచన చేశారు. కెమెరా గాజు ట్యూబ్ నుంచి చిప్‌లోకి దిగడానికి అదే మొదటి మెట్టు. 2009లో వాళ్లకి నోబెల్ వచ్చింది. ఆ చిప్ ఇళ్ల గుమ్మాల దాకా చేరేసరికి మేరీకి వయసు మీద పడింది. తర్వాత వచ్చిన ముప్పైకి పైగా పేటెంట్లు మాత్రం ఆవిడ పేటెంట్‌ని పేర్కొన్నాయి. కూతురు నార్మా కూడా నర్సే అయింది, అమ్మలాగే కొత్త వస్తువులు కనిపెట్టింది. 1999 ఫిబ్రవరి 2న, 76వ ఏట, పుట్టిన క్వీన్స్‌లోనే మేరీ కన్నుమూసింది.

ఈ కథ మనకెందుకు అంటారా? మనలో ఎవరింట్లోనైనా డోర్ ఫోన్ కొనాలంటే ఆ పని పడేది మన మీదే. ఇంజినీరింగ్ చదువుతున్నావుగా, నువ్వే చూడు అంటారు. షాపులో మెగాపిక్సెళ్ల లెక్క చెప్తారు. మనం మేరీ లెక్క అడగాలి.

మొదటిది, ఆ నాలుగు కన్నాలు. కెమెరాకి నిలువుగా ఎంత మేర కనిపిస్తుంది? పక్కింటి పిల్లాడూ, వీల్‌చైర్‌లో వచ్చిన తాతయ్యా కనిపించాలి. కారిడార్‌లో లైటు పోయినా మొహం తెలియాలి.

రెండోది, తెర ఎక్కడ? తలుపు పక్కనే గోడకి తగిలిస్తే మేరీ తప్పించిన నడకని మళ్లీ తెచ్చినట్టే. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ మంచం దగ్గర ఇంకో తెర పెట్టగలమా? అందరికీ స్మార్ట్‌ఫోన్ చేతిలో ఉండదు.

మూడోది, కరెంటు పోతే తాళం ఏమవుతుంది? కొన్ని ఎలక్ట్రిక్ తాళాలు కరెంటు పోతే తెరుచుకుంటాయి, కొన్ని మూసే ఉంటాయి. వీధి తలుపుకి బయటి నుంచి మూసే ఉండాలి, లోపలి నుంచి మాత్రం చేత్తో తీయగలగాలి. మంటలు అంటుకుంటే బయటపడాలి కదా. బ్యాటరీ బ్యాకప్ ఎంతసేపు వస్తుందో కూడా అడగండి. మన ఎండాకాలం సంగతి తెలిసిందే.

నాలుగోది, అలారం ఎవరికి వెళ్తుంది? మేరీ గీసిన ఆఖరి గీత పోలీసుల దాకా వెళ్లింది. మన దగ్గర ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉంది. ఊరెళ్లేటప్పుడు యాప్‌లో చెప్తే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి కంట్రోల్ రూమ్ నుంచి కాపలా కాస్తారు. ఇంట్లో ఉన్నప్పుడైతే 112 ఉంది. వాచ్‌మన్‌కీ, పక్క ఫ్లాట్‌కీ కూడా కబురు అందే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది.

మేరీ కాలంలో లేని ప్రశ్న ఒకటుంది. ఆ కెమెరాలోంచి ఇంకెవరు చూస్తున్నారు? 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని లక్షల కెమెరాల్లో, డీవీఆర్‌లలో, రౌటర్లలో దూరిపోయింది. బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. కెమెరా ఎదురింటి గుమ్మంలోకి తొంగి చూడకుండా తిప్పండి. మన భద్రత కోసం పెట్టింది పక్కవాళ్ల మీద నిఘా కాకూడదు.

చివరగా ఒక్క మాట. ప్రాజెక్ట్ టాపిక్ దొరకట్లేదని సెమిస్టర్ అంతా నెట్‌లో వెతుకుతాం. మేరీకి టాపిక్ తన గుమ్మంలోనే దొరికింది. నైట్ డ్యూటీ నుంచి వచ్చే నర్సులు ఈ ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకి ఇప్పటికీ తీరని ఇబ్బంది ఏమిటో ఒకసారి అడిగి చూడండి.