భీమవరం మనిషి, బోస్టన్ పిల్లలు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల వైపు పెరిగినవాళ్ళకి బోదకాలు మాత్రలు కొత్తేం కాదు. ఆ డిఇసి మందు బయటికొచ్చింది మన పక్క ఊరాయన నడిపిన పరిశోధనశాల నుంచే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరుకి కోపమొచ్చింది. ఎంబిబిఎస్‌కి బదులు ఎల్‌ఎంఎస్ డిగ్రీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. ఈ జబ్బులో తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది. ఆయనకీ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో బతికి బయటపడ్డారు.

1923లో భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి బోస్టన్ వెళ్ళారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో పోర్టరు పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అయినా హార్వర్డ్‌లో పర్మనెంటు ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. కొత్త రక్తకణాలు పుట్టాలంటే అది కావాలి. సోదరుల్ని మింగిన స్ప్రూకి మందు దొరికింది, పాతికేళ్ళు ఆలస్యంగా.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఫోలిక్ యాసిడ్ రకం మందులు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరింది. అంటే క్యాన్సర్ కణాలకీ అదే మేత! మరి మేతలాగే కనిపించే నకిలీని పెడితే? సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్ చేసిచ్చింది. కణం దాన్ని అసలుదనుకుని పట్టుకుంటుంది. అక్కడితో డీఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు: 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది కొన్ని నెలలే నిలిచింది. కానీ అంతకుముందు ఆ పిల్లలకి ఆ నెలలు కూడా లేవు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ని ఇవాళ్టికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడుతున్నారు.

ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ళకి, నిద్రలో గుండె ఆగి పోయారు. మళ్ళీ భీమవరం చూడలేదు, శేషగిరి గారినీ చూడలేదు. 1995లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. బళ్ళో ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్ర మీద మాత్రం ఏ పేరూ ఉండదు. ఈసారి చూసినప్పుడు ఆ పేరు మనమే గుర్తుచేసుకుందాం.