వీధి విద్వాంసుడు ఆబింగ్

రాసిన కావ్యం పుస్తకంలో నిలుస్తుంది. చెక్కిన శిల్పం రాతిలో నిలుస్తుంది. కాని చెవితో విని, చేతితో సాధన చేసి నేర్చుకొన్న సంగీతం మనిషిలోనే ఉంటుంది. ఆ మనిషి కన్నుమూస్తే అదీ కనుమరుగవుతుంది. శిష్యులు నేర్చుకొంటేనో, ఎవరైనా సకాలంలో భద్రపరిస్తేనో తప్ప అది మిగలదు. చైనా దేశంలో ఈనాడు ఎంతో గౌరవంతో వాయించే ఒక బాణీ ఇలాగే అంతరించిపోవలసింది. కేవలం మూడు నెలల తేడాతో అది దక్కింది. ఆ బాణీని సృష్టించినవాడు వీధుల్లో వాయిద్యం వాయించుకొంటూ తిరిగిన ఒక అంధుడు. అతడే ఆబింగ్.

షాంఘై మహానగరానికి పడమటి దిక్కున, తాయ్‌హూ అనే పెద్ద సరస్సు ఒడ్డున వూషీ నగరం ఉంది. ఇది జియాంగ్‌సూ రాష్ట్రంలోనిది. ప్రాచీనమైన మహాకాలువ ఈ ఊరి మీదుగానే పోతుంది. వరి, పట్టు వ్యాపారాలకు వూషీ పేరు పొందింది. ఈ నగరంలో 1893వ సంవత్సరం ఆగస్టు నెలలో ఆబింగ్ జన్మించాడు. ఆయన అసలు పేరు హువా యెన్‌జున్. ఆబింగ్ అన్నది ముద్దుపేరు. జనం నోట ఆ పేరే నిలిచిపోయింది.

తండ్రి హువా చింగ్‌హె తావో మతానికి చెందిన పూజారి. పిడుగుల దేవత కొలువైన ఒక చిన్న ఆలయానికి ఆయన అధిపతి. తల్లి వితంతువు. వితంతువు మళ్ళీ ఒకరి తోడు కోరడం ఆనాటి సమాజంలో పెద్ద తప్పు. బంధువుల నిందలు భరించలేక కుంగిపోయి ఆమె బిడ్డ పసితనంలోనే మరణించింది. బాలుడు కొంతకాలం బంధువుల ఇంట పెరిగి, ఎనిమిదేళ్ళ వయసులో ఆలయానికి చేరాడు. తండ్రి తన కుమారుడని బయటికి చెప్పుకోలేక అతనిని శిష్యుడిగా పెంచాడనీ, తన గురువే తన తండ్రి అన్న సంగతి ఆబింగ్‌కు చాలా కాలం తరువాత గాని తెలియలేదనీ చెబుతారు.

తావో ఆలయాలలో పూజతో పాటు సంగీతం కూడా ఉంటుంది. ఉత్సవాలలోను, మరణించినవారికి జరిపే కర్మలలోను పూజారులే డోళ్ళు, తాళాలు, పిల్లనగ్రోవులు, తంత్రీవాద్యాలు వాయిస్తారు. వూషీ పూజారులు ఈ విద్యలో ఆరితేరినవారు. ఆబింగ్ తండ్రి వారిలో మేటి. ఆయన కొడుకు చేత అన్ని వాద్యాలూ సాధన చేయించాడు. సాధన చాలా కఠినంగా సాగింది. పదహారు పదిహేడేళ్ళు వచ్చేనాటికి ఆ కుర్రవాడు డోలు వాయించడంలోను, పాడడంలోను ఊరంతా మెచ్చుకొనేటంతటి వాడయ్యాడు. 1911 ప్రాంతంలో యాంగ్ యిన్‌లియూ అనే పన్నెండేళ్ళ బాలుడు సంగీతం నేర్చుకోవడానికి అతని దగ్గరకు వచ్చేవాడు. ఈ బాలుని సంగతి తరువాత మళ్ళీ వస్తుంది.

ఆబింగ్‌కు పేరు తెచ్చిన వాద్యాలు రెండు. మొదటిది ఎర్‌హూ. దీనికి రెండే తీగలు. సన్నని పొడవైన కర్రకు అడుగున చిన్న చెక్క డబ్బా ఉంటుంది. ఆ డబ్బాకు ఒక వైపు కొండచిలువ చర్మం బిగిస్తారు. దీనిని తొడపై నిలబెట్టుకొని కమానుతో వాయిస్తారు. ఫిడేలు కమాను తీగల పైన నడుస్తుంది. ఎర్‌హూ కమానులోని గుర్రపు వెంట్రుకలు రెండు తీగల మధ్యనే చిక్కుకొని ఉంటాయి. వేళ్ళు ఆనించడానికి తీగల కింద పలక ఉండదు. వేలి ఒత్తిడి మాత్రంతోనే స్వరం పలకాలి. అందుకే దాని నాదం మనిషి గొంతులా ఒకసారి వణుకుతుంది, ఒకసారి సాగుతుంది. రెండవది పీపా. మన నూనె పీపాకు దీనికి సంబంధం లేదు. ఇది నాలుగు తీగలు గల వాద్యం. బేరిపండు ఆకారంలో ఉంటుంది. దీనిని ఒడిలో నిలువుగా పెట్టుకొని వేళ్ళతో మీటుతారు.

ఆబింగ్‌కు ఇరవై ఒకటి రెండేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. ఆలయం బాధ్యత చేతికి వచ్చింది. చేతిలో డబ్బు ఆడింది. దానితో పాటు చెడు సావాసాలూ వచ్చాయి. నల్లమందుకు అలవాటు పడ్డాడు. ఆలయం ఆదాయం తరిగిపోయింది. ఒళ్ళు రోగాలపాలయింది. ముందు ఒక కన్ను పోయింది. ముప్పై అయిదేళ్ళు వచ్చేనాటికి రెండవ కన్ను కూడా పోయింది. పూజారిగా బతుకు సాగే దారి మూసుకుపోయింది. ఊరివారు ఆయనను గుడ్డి ఆబింగ్ అని పిలవసాగారు. ఒకనాడు తనను మెచ్చుకొన్న వీధుల్లోనే ఆయన పొట్టకూటి కోసం వాయిద్యం పట్టుకొని నిలబడవలసి వచ్చింది.

అయినా ఆబింగ్ చేయి చాపి యాచించలేదు. వాయించేవాడు. విన్నవారు ఇచ్చినది తీసుకొనేవాడు. ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. మధ్యాహ్నాలు చుంగ్‌ఆన్ ఆలయం దగ్గరి టీ దుకాణాల ముందు నిలిచి చిడతలతో తాళం వేస్తూ పాడేవాడు. ఆ పాటలలో పాత కథలు మాత్రమే ఉండేవి కావు. ఊరిలోని వార్తలు, దేశంలోని సంగతులు విని గుర్తుంచుకొని అప్పటికప్పుడు పాటగా కట్టేవాడు. చదువు రాని కూలివారికి ఆయన పాటే వార్తాపత్రిక. ధనికుల దౌర్జన్యాన్ని కూడా ఆయన పాటలో దాచేవాడు కాదు. జనాన్ని నవ్వించడానికి ఎర్‌హూ మీద కోడి కూత, కుక్క అరుపు, మనుషుల మాటలు కూడా పలికించేవాడు. పీపాను తల మీద పెట్టుకొని వాయించేవాడు. సాయంత్రం కాగానే ఎర్‌హూను నడుముకు ఆనించుకొని వాయిస్తూ సందుల వెంట ఇంటికి నడిచేవాడు. 1930ల నుండి తుంగ్ త్స్వేతీ అనే పేదరాలు ఆయనకు తోడయింది. ఆమె చేయి పట్టుకొని నడిపిస్తే ఆయన వీధులు తిరిగేవాడు.

1932లో జపాను సైన్యం షాంఘై మీద దాడి చేసింది. చైనాకు చెందిన పందొమ్మిదవ మార్గ సైన్యం దానిని వీరోచితంగా ఎదిరించింది. ఆ పోరాటాన్ని ఆబింగ్ పాటగా కట్టి వీధి వీధిన వినిపించాడు. 1937లో వూషీ కూడా జపాను వశమయింది. ఆబింగ్ వాయించే బాణీలలో పైన్ చెట్ల గాలిని వినడం అనే అర్థం గల పేరున్నది ఒకటి ఉంది. పూర్వం దండెత్తి వచ్చిన పరాయి సేనాపతి ఓడిపోయి, హ్వేషాన్ కొండ మీద ఒక బండపై పడుకొని, చెట్ల గాలిని విని చైనా సైన్యం తరుముకొస్తోందని భయపడ్డాడనే కథతో ఆయన దానిని ముడిపెట్టేవాడు. పరాయి పాలనలో నలుగుతున్న ప్రజలకు ఆ కథ ఎందుకు చెబుతున్నాడో వేరుగా వివరించనక్కరలేదు. నేడు మిగిలిన ఆబింగ్ ఛాయాచిత్రం కూడా ఆ రోజులదే. ఆక్రమణ పాలకులు ప్రతివారికీ తప్పనిసరి చేసిన గుర్తింపు పత్రం మీద అతికించిన చిన్న బొమ్మ అది.

యుద్ధం ముగిసినా ఆబింగ్ కష్టాలు తీరలేదు. 1940ల చివరలో ఊపిరితిత్తుల జబ్బు ముదిరి నెత్తురు కక్కుకొనేవాడు. వీధిలో పాడే శక్తి లేకపోయింది. వాద్యాలు కూడా పాడైపోయాయి. ఆయన వాయించడం మానేసి, ఇతరుల వాద్యాలు బాగుచేస్తూ కాలం గడిపాడు. ఆయన బాణీలను ఎవరూ రాసుకోలేదు. ఆయన ఊపిరి ఆగితే అవీ ఆగిపోతాయి.

అదే కాలంలో ఎర్‌హూ వాద్యానికి మరొకచోట గౌరవం పెరుగుతూ వచ్చింది. వూషీకి సమీపంలోని జియాంగ్‌యిన్‌లో పుట్టిన లియూ తియెన్‌హువా అనే విద్వాంసుడు 1922 నుండి పెకింగ్ విశ్వవిద్యాలయంలో సంగీతం బోధించాడు. వీధి వాద్యమని చిన్నచూపు చూసే ఎర్‌హూను ఆయన తరగతి గదిలోకి తెచ్చాడు. దాని కోసం పది స్వతంత్ర రచనలు చేసి 1932లో మరణించాడు. ఆయన శిష్యులు దేశంలోని సంగీత పాఠశాలలలో అధ్యాపకులయ్యారు. వారి వల్లనే ఆబింగ్ సంగీతం బయటపడింది.

వూషీలో ఆబింగ్ ఇంటికి దగ్గరలో లీ సుంగ్‌షౌ అనే యువకుడు ఉండేవాడు. ఆయన వాద్యాన్ని వింటూ అతడు కొన్ని బాణీలు నేర్చుకొన్నాడు. తరువాత నాన్‌జింగ్ నగరంలోని సంగీత కళాశాలలో చేరాడు. ఒక చలికాలం ఉదయం వేళ్ళు బిగుసుకుపోకుండా అతడు ఒక బాణీ వాయించుకొంటున్నాడు. లియూ తియెన్‌హువా శిష్యుడైన అధ్యాపకుడు చు షిజు అది విని నిలిచిపోయాడు. అది ఎవరి రచన అని అడిగాడు. వూషీ వీధుల్లో తిరిగే ఒక అంధునిదని తెలిసి మరింత ఆశ్చర్యపోయాడు. అటువంటి సంగీతాన్ని వెంటనే భద్రపరచాలని భావించాడు. ఆ సంగతి యాంగ్ యిన్‌లియూ దాకా వెళ్ళింది. చిన్ననాడు ఆబింగ్ దగ్గర నేర్చుకొన్న ఆ బాలుడే ఇప్పుడు చైనా సంగీత చరిత్రలో పెద్ద పండితుడు.

1950వ సంవత్సరం వేసవి సెలవులలో యాంగ్ యిన్‌లియూ, ఆయన బంధువు, పీపా విదుషీమణి అయిన త్సావ్ ఆన్‌హె వూషీకి వచ్చారు. వారి వెంట ఒక కొత్త యంత్రం ఉంది. అది సన్నని ఉక్కు తీగ మీద శబ్దాన్ని ముద్రిస్తుంది. ఆబింగ్ వాయించడం మానేసి అప్పటికి రెండేళ్ళు దాటింది. చేతిలో వాద్యం లేదు. వచ్చినవారు ఒక దుకాణం నుండి ఎర్‌హూ ఎరువు తెచ్చారు. త్సావ్ ఆన్‌హె తన పీపా ఇచ్చింది. ఆబింగ్ కొద్దిరోజులు గడువు అడిగి చేయి సవరించుకొన్నాడు. సెప్టెంబరు 2వ తేదీన ముద్రణ మొదలయింది.

ఆ సందర్భంలో ఆరు బాణీలు మాత్రమే ముద్రించగలిగారు. ఎర్‌హూ మీద మూడు, పీపా మీద మూడు. వాటిలో ఒకదానికి స్థిరమైన పేరు లేదు. హ్వేషాన్ కొండ దిగువన ఒక ఊట ఉంది. తాంగ్ రాజుల కాలంలో తేనీటి గురించి గ్రంథం రాసిన లూ యూ దేశంలోని నీళ్ళన్నిటినీ పోల్చి ఈ ఊటకు రెండవ స్థానం ఇచ్చాడని ప్రతీతి. ఆబింగ్, యాంగ్ యిన్‌లియూ కలిసి మాట్లాడుకొని ఆ బాణీకి ఎర్‌చ్వాన్ యింగ్‌యువే అని పేరు పెట్టారు. రెండవ ఊటలో చంద్రబింబం అని దాని అర్థం. పేరులో వెన్నెల ఉన్నా బాణీలో ఉన్నది బాధే. అది నిట్టూర్పు వంటి చిన్న పలుకుతో మొదలవుతుంది. తరువాత ఒకే భావం మళ్ళీ మళ్ళీ కొత్త మార్పులతో వస్తూ పైకి లేస్తుంది. చివరకు మెల్లగా అణగిపోతుంది. అందులో దుఃఖం ఉంది గాని దైన్యం లేదు.

మిగిలిన బాణీలను మళ్ళీ వచ్చి ముద్రించాలని పండితులు అనుకొన్నారు. కాని ఆ అవకాశం రాలేదు. 1950 డిసెంబరు 4న ఆబింగ్ మరణించాడు. మరికొన్ని వారాలకే ఆయన సహచరి కూడా కన్నుమూసింది. ఆయనకు తెలిసిన మిగిలిన సంగీతం ఆయనతోనే పోయింది.

మిగిలిన ఆరు బాణీలు మాత్రం దేశమంతా వ్యాపించాయి. 1952లో వాటి స్వరలిపి పుస్తకంగా వెలువడింది. 1976లో వూ జుచ్యాంగ్ అనే స్వరకర్త ఎర్‌చ్వాన్ బాణీని పెద్ద తంత్రీవాద్య బృందం కోసం మలిచాడు. 1978లో జపాను సంగీత నిర్దేశకుడు సేజీ ఒజావా బీజింగ్‌లో ఒక యువ విద్యార్థిని దానిని ఎర్‌హూ మీద వాయించగా విని కన్నీరు పెట్టుకొన్నాడు. ఒకనాడు ఆబింగ్ ఊరిని ఆక్రమించిన దేశం నుండి వచ్చిన కళాకారుని హృదయాన్ని ఆ అంధుని బాణీ కరిగించింది. 1997లో యునెస్కో సంస్థ చైనా సంప్రదాయ సంగీత ధ్వని భాండారాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. అటువంటి పాత ముద్రణలు ఎన్నో ఆ భాండారంలో పదిలంగా ఉన్నాయి.

నేడు చైనాలో ఎర్‌హూ నేర్చుకొనే ప్రతి విద్యార్థీ ఏదో ఒకనాడు ఈ బాణీని సాధన చేస్తాడు. జియాంగ్‌సూ రాష్ట్రంలోనే పుట్టిన మిన్ హ్వేఫెన్ దీనిని ఎన్నో వేదికల మీద వాయించి, ఎందరికో నేర్పి 2014లో కన్నుమూసింది. ఆమె తరువాతి తరంవారు ఇప్పుడు వాయిస్తున్నారు. ఆబింగ్ లావైన పట్టు తీగలు కట్టి, తక్కువ శ్రుతిలో వాయించేవాడు. ఇప్పుడు ఎర్‌హూకు ఉక్కు తీగలు వాడతారు. అయినా ఈ ఒక్క బాణీ కోసం తక్కువ శ్రుతి గల ఎర్‌హూలను ప్రత్యేకంగా తయారుచేస్తున్నారు. వూషీ తావో ఆలయ సంగీతాన్ని 2008లో చైనా ప్రభుత్వం జాతీయ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆబింగ్ నివసించిన చిన్న గదిని స్మారకంగా కాపాడుతున్నారు. ఆయన సమాధి ఇప్పుడు హ్వేషాన్ కొండ దగ్గర, ఆ రెండవ ఊటకు చేరువలోనే ఉంది.

ఆబింగ్ జీవితంలో తప్పులు ఉన్నాయి. వాటికి ఆయన కళ్ళతో మూల్యం చెల్లించాడు. కాని చీకటిలో కూడా తన విద్యను దిగజార్చలేదు. ఆయన బాణీ నేడు మిగిలిందంటే అది ఆయన ప్రతిభ వల్ల మాత్రమే కాదు. విని నేర్చుకొన్న పొరుగు కుర్రవాడు, విని గుర్తించిన అధ్యాపకుడు, చిన్ననాటి గురువును మరవని పండితుడు ఉండబట్టి అది మిగిలింది. ప్రతి ఊరిలోను పెద్దల నోట ఇటువంటి పాటలు ఉంటాయి. అవి రేపటికి దక్కాలంటే ఈనాడు వినేవారు కావాలి.