మన మీద మనకు ఓర్పు



ఎన్నిసార్లు తీర్మానించుకున్నా మళ్ళీ అదే తప్పులో పడుతున్నామని, ఇక మారడం మన వల్ల కాదని మనలో చాలామంది బాధపడుతుంటారు. చేసిన తప్పుకంటే ఆ నిరాశే మనలను ఎక్కువగా కుంగదీస్తుంది. ఆ నిరాశను చవిచూసి, దాటివచ్చిన మహనీయుడు పునీత ఫ్రాన్సిస్ ది సాలెస్. ఈ వారం ఆయన జీవితాన్ని ధ్యానించుకుందాం.

నేడు ఫ్రాన్సు దేశంలో భాగమైన సావోయ్ ప్రాంతంలో, ఒక ప్రభు వంశంలో 1567లో ఆయన జన్మించారు. కుమారుడు న్యాయశాస్త్రం చదివి పెద్ద పదవిలో కూర్చోవాలని తండ్రి కోరిక. చదువుకోసం పారిస్‌కు పంపాడు. అక్కడ పందొమ్మిదవ యేట ఫ్రాన్సిస్‌ను ఒక భయం పట్టుకుంది. దేవుడు తనను ముందుగానే నరకానికి నిర్ణయించాడేమోనన్న భయం అది. దాదాపు ఆరు వారాలు తిండి, నిద్ర కరువై చిక్కి శల్యమయ్యారు. చివరకు ఒక దేవాలయంలో మరియమాత స్వరూపం ముందు మోకరించి, రాబోయే లోకంలో తన గతి ఏమైనా సరే, ఈ లోకంలో ఉన్నంతకాలం దేవుణ్ణి ప్రేమిస్తానని మ్రొక్కుకున్నారు. భయం వదిలిపోయింది. గమనించండి, ఆయనకు శాంతినిచ్చింది తర్కం కాదు, సమర్పణ.

1591లో పాదువాలో న్యాయశాస్త్రంలో డాక్టరు పట్టం పొందినా, 1593లో గురుపట్టం స్వీకరించారు. మరుసటి యేడు, కాల్విన్ బోధను అనుసరిస్తున్న షాబ్లే ప్రాంతానికి వేదబోధకు వెళ్ళారు. ప్రసంగం వినడానికి వచ్చేవారే లేరు. ఆయన విసుగుకొనలేదు. బోధను చిన్న చిన్న కాగితాలపై వ్రాసి ఇళ్ళ తలుపుల క్రింద నుండి లోపలికి జారవిడిచారు. కొన్నేళ్ళకు అక్కడి ప్రజలలో అత్యధికులు శ్రీసభలోకి తిరిగివచ్చారు. 1923లో పదకొండవ భక్తినాథ పోపుగారు ఆయనను కతోలిక పాత్రికేయులకు పాలక పునీతునిగా ప్రకటించింది ఇందుకే.

1602లో ఆయన జెనీవా పీఠాధిపతి అయ్యారు. ఆ నగరంలో నివసించే వీలు లేక అన్నెసీ పట్టణం నుండే మేత్రాసనాన్ని నడిపించారు. చెవిటి మూగవాడైన ఒక యువకుణ్ణి చేరదీసి, సైగలతో సత్యోపదేశం నేర్పి, దివ్యసత్ప్రసాదానికి సిద్ధపరిచారు. ఇంతటి సాధుశీలి పుట్టుకతో శాంతస్వభావుడు కాదు, ముక్కోపి. ఏళ్ళ తరబడి తనతో తాను పోరాడి కోపాన్ని జయించారు.

ఆ అనుభవమే 1609లో వెలువడిన ఆయన భక్తిజీవిత గ్రంథంలో కనిపిస్తుంది. పవిత్రత మఠాలకే పరిమితం కాదని, సైనికుడు, చేతిపనివాడు, గృహిణి ఎవరి అంతస్తుకు తగినట్లు వారు భక్తిగా జీవించవచ్చునని బోధించారు. మన తప్పులపై మనమే మండిపడడం కూడా ఒక విధమైన గర్వమేనని హెచ్చరించారు. నేనింతటివాణ్ణి, నేనెలా పడ్డాను అన్న అహం ఆ కోపంలో దాగివుంటుంది.

1622 డిశంబరు 28న లియోన్‌లో ఆయన కన్నుమూశారు. అన్నెసీలో ఆయన పేరిట 1838లో స్థాపించబడిన సభకు చెందిన గురువులే 1846లో విశాఖపట్నం చేరి మన తెలుగు నేలపై సువార్త సేవ చేశారు. ఆ విధంగా ఆయన మనకు పరాయివాడు కాదు.

ప్రియ పాఠకులారా, ఓర్పు అంటే పాపాన్ని వెనకేసుకురావడం కాదు. నడక నేర్చే బిడ్డ పడితే తల్లి కొట్టదు, అలాగని నేలమీదే వదిలివేయదు. చేయిపట్టి లేపి, మళ్ళీ అడుగు వేయిస్తుంది. ఈ వారం ఇంట్లో కోపంతో ఒక మాట తూలితే, ఆ రాత్రి నిద్రకు ముందే దేవునికీ, ఆ మాట పడినవారికీ క్షమాపణ చెప్పండి. రేపు మళ్ళీ మొదలుపెట్టండి. పాపసంకీర్తనానికి వెళ్ళడానికి సిగ్గుపడి ఆగిపోకండి. మన మీద దేవుడు విసుగుకొనలేదు. మరి మనమెందుకు విసుగుకోవాలి?