స్టెఫనీ క్వోలెక్

పోలీసులు ఛాతీకి తొడుక్కునే తూటారక్షక కవచాల్లో చాలావాటిలో ఇనుము ఉండదు. ఉండేది పొరలు పొరలుగా పేర్చిన బట్ట. అంతటి బట్టకు తగిన దారాన్ని కనిపెట్టినది స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త.

ఆమె 1923 జూలై 31న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, న్యూ కెన్సింగ్టన్ అనే ఊరిలో జన్మించింది. వారిది పోలండు నుండి వలస వచ్చిన కుటుంబం. తండ్రి ఆమెను వెంటబెట్టుకొని అడవుల్లో తిరిగేవాడు. ఏరి తెచ్చిన ఆకులను, గింజలను ఆమె పుస్తకంలో అతికించుకొనేది. ఆమెకు పదేళ్ళప్పుడు తండ్రి మరణించాడు. తల్లి కుట్టుపని చేసేది. బట్టలపై మక్కువ ఆమెకు అక్కడి నుండే అబ్బింది.

వైద్యురాలు కావాలన్నది ఆమె కోరిక. 1946లో రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకొంది గాని, వైద్యం చదవడానికి చేతిలో డబ్బు లేదు. ఆ డబ్బు కూడేవరకు అనుకొని డూపాంట్ కంపెనీలో చేరింది. పరిశోధనపై మనసు నిలిచింది. ఇక వైద్యం చదవనేలేదు.

1964లో కంపెనీ కార్ల టైర్లకు తేలికైన, గట్టి దారం కోసం వెదుకుతున్నది. పాలిమరు ద్రావణం మామూలుగా తేనెలా తేటగా, చిక్కగా ఉంటుంది. ఒకనాడు స్టెఫనీ చేసిన ద్రావణం మజ్జిగలా పలుచగా, తెల్లగా వచ్చింది. మరొకరైతే పారబోసేవారే. ఆమె దానిని వడపోసి చూసింది. అడుగున నలుసు మిగలలేదు. దారం తీసే యంత్రం నడిపే ఉద్యోగి మాత్రం, సన్నని రంధ్రాలు పూడుకుపోతాయని ఒప్పుకోలేదు. ఆమె పట్టు విడవలేదు. చివరకు అతడు యంత్రం నడిపాడు. దారం తెగకుండా వచ్చింది. పరీక్షలో అది చూపిన బిరుసుతనం ఆమెకే నమ్మశక్యం కాలేదు. పొరపాటేమోనని మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేయించి, ఆ తరువాతే పై అధికారులకు తెలిపింది.

ఆ తెలుపులోనే రహస్యమున్నది. అందులోని అణువులు పుల్లలవలె బిరుసైనవి. ద్రావణంలోనే అవి గుంపులుగా ఒకే దిక్కుకు బారులు తీరుతాయి. దారంగా లాగినప్పుడు ఆ బారులు మరింత చక్కబడతాయి. అందుచేత అదే బరువున్న ఉక్కుకంటే ఈ దారం ఐదు రెట్లు గట్టిది. దీనికి కెవ్లార్ అని పేరు పెట్టారు.

ప్రయోగశాలలో గరిటెడు చేయడం వేరు, కర్మాగారంలో టన్నులకొద్దీ చేయడం వేరు. గాఢ గంధకామ్లంలో పాలిమరును కరిగించి దారం తీసే పద్ధతిని హెర్బర్ట్ బ్లేడ్స్ అనే సహోద్యోగి రూపొందించాడు. 1970 తరువాత కెవ్లార్ మార్కెట్టుకు వచ్చింది. తూటా తగిలినప్పుడు నేతలోని అనేక దారాలు ఆ దెబ్బను పంచుకొంటాయి. తూటా అణగి ఆగిపోతుంది. పెద్ద తుపాకుల తూటాలకు మాత్రం ఈ బట్ట ఒక్కటే చాలదు. 1975 డిసెంబరులో సియాటిల్ నగరంలో దొంగ కాల్చిన ఒక పోలీసు అధికారి ఈ కవచం వల్ల ప్రాణాలతో బయటపడ్డాడు.

కెవ్లార్‌పై హక్కులను స్టెఫనీ కంపెనీకే రాసి ఇచ్చింది. అమ్మకాల లాభంలో ఆమెకు వాటా రాలేదు. 1986లో ఉద్యోగ విరమణ చేసి, విద్యార్థులకు రసాయన శాస్త్రం బోధించింది. 2014 జూన్ 18న, 90 ఏళ్ళ వయసులో, విల్మింగ్టన్ నగరంలో కన్నుమూసింది.