ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్

మంగళగిరి గాలిగోపురము పదునొకండు అంతస్తులు. చెంత నిలిచి దానిని పటము తీయబోవువారు కెమెరాను పైకి వంచినచో గోపురము వెనుకకు వాలినట్లు కనబడును. కెమెరాను నిటారుగనే ఉంచి, కటకమును మాత్రము పైకి జరుపవలెను. అప్పుడు కటకము ప్రసరించు వెలుగువలయము గాజుపలకకంటె చాల పెద్దదిగా ఉండనిచో పటము మూలలు నల్లబడును.

ఇట్టి చిక్కుతో ఇంచుమించు ముప్పది యేండ్లు కాపురము చేసినవాడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపమందలి సర్ధనాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోర్ మరామత్తు శాఖలో నక్షాలు గీయు కొలువున చేరెను. ఫోటోగ్రఫీ తరువాత పట్టుబడిన విద్య. నక్షాలు గీచిన కంటికి వాలిన గోడ సహింపరానిదై యుండును. 1886లో వెలువడిన లెపెల్ గ్రిఫిన్ గ్రంథమునందలి మధ్యభారత కట్టడముల చిత్రములు ఆయనవే.

ఆనాడు పటమును పెంచి అచ్చువేయుట అరుదు. పలక యెంతయో పటమంతయే. పెద్ద పటము కావలెనన్న పెద్ద పలకయు, దానిని మూలలదాక కప్పు కటకమును, రెండును కావలెను. ఒకటి పెంచి రెండవది మరచినచో, అంతదూరము మోసికొనిపోయిన పలక వ్యర్థము.

పిమ్మట ఆయన సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదము నందెను. 1905లో కన్నుమూసెను. ఆయన గాజుపలకలు పెక్కు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున ఉన్నవి.